బాప్తిస్మం తరవాత షాపులో, ఇంట్లో పరిశుద్ధంగా బతకడం ఎలా?

పల్నాడు_మిర్చి (శనివారం, రాత్రి 10:14)

అందరికీ వందనాలు. పోయిన క్రిస్మస్‌కి ముందు నేను, మా ఆవిడ బాప్తిస్మం తీసుకున్నాం. మాది హిందూ కుటుంబం. అమ్మ మందిరానికి రాదు, అలాగని అడ్డూ చెప్పదు. నేను ఎరువుల షాపులో గుమాస్తాని. నా సమస్య అక్కడే ఉంది.

యూరియా 45 కిలోల బస్తా ఎమ్మార్పీ 266 రూపాయల 50 పైసలు. సీజన్‌లో సరుకు దొరకనప్పుడు మా ఓనర్ 330 తీసుకోమంటాడు. దాంతోపాటు గుళికల ప్యాకెట్టో, ఏదో ఒక మందు సీసానో అంటగట్టాలి. అది తీసుకోకపోతే బస్తా లేదని చెప్పాలి. బిల్లు మాత్రం 266.50కే కొడతాం. రైతు మిషన్ మీద బొటనవేలు పెడతాడు. అరిగిపోయిన వేళ్లు కదా, ఓ పట్టాన ముద్ర పడదు. నేనే తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమని మళ్లీ పెట్టిస్తాను. ముద్ర పడి బిల్లు బయటికొచ్చాక ఆయన దాన్ని చూసి "ఇందులో తక్కువుందేంటి బాబూ" అంటే "లారీ కిరాయి, హమాలీ" అని చెప్పేదీ నేనే. రాత్రి షట్టర్ దించేటప్పుడు ఆ మిగులులోంచి గుమాస్తాలకు కొంత చేతిలో పెడతాడు.

ఇంటికొస్తే ఇంకో సమస్య. కోపం. కూరలో ఉప్పు ఎక్కువైందని, ఫోన్ ఛార్జింగ్ పెట్టలేదని మా ఆవిడ మీద అరుస్తాను. తనకి ఇప్పుడు ఏడో నెల. బాప్తిస్మం తీసుకుని నీళ్లలోంచి పైకి వచ్చినప్పుడు ఇవన్నీ పోయాయనుకున్నాను. నా మారుమనసు నిజమైంది కాదా? ఉద్యోగం మానేయాలా? పాస్టర్ గారిని అడిగితే ప్రార్థన చేసుకో అన్నారు. చేస్తున్నాను.

---

గుంటూరు_లూథరన్ (శనివారం, రాత్రి 11:02)

బ్రదర్, ముందు ఒక సంగతి. లోపల పోరాటం మొదలైందంటే లోపల జీవం ఉన్నట్టే. బాప్తిస్మానికి ముందు కూడా ఆ షాపులోనే పనిచేశావు కదా, అప్పుడు 330 తీసుకుంటే నిద్ర పట్టేదా లేదా? పట్టే ఉంటుంది. ఇప్పుడు పట్టడం లేదు. ఆ తేడాని చిన్నచూపు చూడొద్దు.

జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిని మా సంఘంలో పిల్లలకి కంఠతా నేర్పుతారు. మనలో ఉన్న పాత ఆదాము, అంటే పాత పాప స్వభావం, రోజూ పశ్చాత్తాపంతో నీళ్లలో మునిగి చావాలి, కొత్త మనిషి రోజూ లేవాలి, బాప్తిస్మం దానికే గుర్తు అని అందులో ఉంది. నీళ్లలో మునిగింది ఒక్కసారే అయినా చావడం, లేవడం రోజూ జరగాల్సిన పని. మనము పాపములేనివారమని చెప్పుకుంటే మనలను మనమే మోసపుచ్చుకుంటామని యోహాను రాసింది కూడా విశ్వాసులకే. నీ రక్షణ నీ కోపం తగ్గిన లెక్క మీద ఆధారపడి లేదు. క్రీస్తు మీద ఆధారపడి ఉంది. ముందు అక్కడ నిలబడు.

---

కర్మెలు_కొండ (ఆదివారం, ఉదయం 6:20)

ఇందులో ఆలోచించడానికేముంది? రేపే మానెయ్. దేవుడు కాకులను పోషిస్తున్నాడు. లోకంతో రాజీ పడితే పరిశుద్ధత లేదు, పరిశుద్ధత లేకుండ ఎవడును ప్రభువును చూడడు. హెబ్రీ 12:14.

---

వాక్యం_విద్యార్థి (ఆదివారం, మధ్యాహ్నం 2:45)

గుంటూరు అన్న చెప్పింది నిజమే, నాకూ ఆదరణగా ఉంది. కానీ అక్కడితో ఆపితే ప్రమాదం. రోమా 7లో "చేయగోరని కీడు చేయుచున్నాను" అన్న వచనాన్ని మనవాళ్లు ఒక సాకులా వాడేసుకుంటున్నారు. తాగి వచ్చినవాడూ అదే వచనం, వడ్డీకి తిప్పేవాడూ అదే వచనం. దాని ముందున్న ఆరో అధ్యాయం చదవరు. "పాపము విషయమై చనిపోయిన మనము ఇకమీదట ఏలాగు దానిలో జీవించుదుము?" అని అక్కడ పౌలు గట్టిగా నిలదీస్తున్నాడు.

ఫిలిప్పీ 2:12, 13 రెండూ కలిపి చదవండి. భయముతోను వణకుతోను మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి అన్నది పన్నెండు. మీలో కార్యసిద్ధి కలుగజేయువాడు దేవుడే అన్నది పదమూడు. కొందరు పన్నెండే చదివి నీరసపడిపోతారు, కొందరు పదమూడే చదివి కూర్చుండిపోతారు. దేవుడు లోపల పనిచేస్తున్నాడు కాబట్టే మనం కష్టపడగలం. పల్నాడు బ్రదర్‌కి కావలసింది కష్టపడటానికి ఒక దారి.

---

గుండ్లకమ్మ (ఆదివారం, సాయంత్రం 5:30)

తమ్ముడూ, రిటైరైన టీచర్ని, ఒంగోలు వైపు. మీరంతా హెబ్రీ, రోమా అంటున్నారు గానీ ఇతని ప్రశ్నకి సూటిగా జవాబున్న చోటు లూకా 3. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి "బోధకుడా, మేమేమి చేయవలెను" అని అడిగారు. సుంకరి అంటే పన్నులు వసూలు చేసేవాడు, అప్పట్లో జనం ఛీ కొట్టే ఉద్యోగం. యోహాను వాళ్లని ఉద్యోగం మానేయమనలేదు. "మీకు నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దు" అన్నాడు. నిర్ణయించిన ధర, దానిపైన తీసుకునే ధర. నీ బస్తా మీద అచ్చు వేసి ఉన్న సంగతే కదా నాయనా ఇది.

ఇంకొకటి. "నేను పరిశుద్ధుడనై యున్నాను గనుక మీరును పరిశుద్ధులై యుండుడి" అని పేతురు చెప్పింది లేవీయకాండంలోంచి తీసుకున్న మాట. పందొమ్మిదో అధ్యాయం ఆ మాటతోనే మొదలవుతుంది. తరవాత ఏముంటుంది? తల్లిదండ్రులను గౌరవించడం ఉంది. కోతప్పుడు పొలం అంచులు పూర్తిగా కోయకుండా బీదలకి వదిలేయడం ఉంది. కూలివాడి కూలి తెల్లారేదాకా దగ్గర ఉంచుకోకూడదని ఉంది. చెవిటివాణ్ని తిట్టకూడదు, గుడ్డివాడి ముందు అడ్డం వేయకూడదు అని ఉంది. చివర్లో తూకపు రాళ్లు, కొలతలు న్యాయంగా ఉండాలని ఉంది. ఆ అధ్యాయాన్ని పట్టుకుని ఎరువుల షాపులోకి నడిచి వెళ్లొచ్చు, ఒక్క మాట మార్చక్కర్లేదు. పొట్టకూటికి వచ్చిన మనిషి బిల్లు చదవలేడని తెలిసి లారీ కిరాయి అని చెప్పడం గుడ్డివాడి ముందు అడ్డం వేయడమే. కఠినంగా అంటున్నానని అనుకోకు. నువ్వే అడిగావు కాబట్టి చెబుతున్నాను.

కర్మెలు కొండ గారూ, కాకుల వచనం నాకూ ఇష్టమే. కానీ ఏడో నెల గర్భిణి ఉన్న ఇంటికి రేపే మానెయ్ అని రాసేముందు ఆ ఇంటికి నెలకి బియ్యం ఎవరు పోస్తారో కూడా రాయాలి.

---

ఖమ్మం_అక్క (ఆదివారం, రాత్రి 9:10)

మాస్టారు గారికి వందనాలు. నేనొకటి అడగాలి, టాపిక్ పక్కకి పోతుందంటే క్షమించండి. పరిశుద్ధత అనగానే మా సంఘంలో మొదట ఆడవాళ్ల మెడ చూస్తారు. నేను రక్షణ పొందినప్పుడు బొట్టు తీశాను, గాజులు తీశాను, పూలు మానేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు, ఇష్టంగానే చేశాను, ఇప్పటికీ బాధ లేదు. కానీ నా పక్కన కూర్చునే ఒక సిస్టర్ చెవుల్లో చిన్న రింగులు ఉంచుకుందని ఆమెకి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం ఇవ్వలేదు. అదే వరసలో చిట్టీ డబ్బు ఎగ్గొట్టిన పెద్దమనిషి తెల్లబట్టలేసుకుని అందుకున్నాడు. 1 పేతురు 3 ఆయనా చదువుతాడు, నేనూ చదువుతాను. అందులో నగల మాట అయిపోగానే సాధువైన, మృదువైన గుణం అని ఉంది. ఆ రెండో సగం గురించి ప్రసంగం నేను చాలా తక్కువ విన్నాను.

---

కర్మెలు_కొండ (ఆదివారం, రాత్రి 9:48)

సిస్టర్, బయటది మారకుండా లోపలిది మారిందని ఎలా నమ్మాలి? మా అమ్మ బొట్టు తీసిన రోజు ఊరంతా వెలేసింది. దాని విలువ మాకు తెలుసు.

---

ఖమ్మం_అక్క (ఆదివారం, రాత్రి 10:05)

అన్నా, మీ అమ్మగారు కట్టిన మూల్యానికి చేతులెత్తి నమస్కారం. దాన్ని నేను తక్కువ చేయను. ఎవరికి ఏది ప్రభువు చెప్పాడో వాళ్లు చేయాలి. తూకం మాత్రం అందరికీ ఒకటే ఉండాలి, రింగులకి ఒకటి, చిట్టీ డబ్బుకి ఒకటి కాదు.

---

గుండ్లకమ్మ (సోమవారం, ఉదయం 7:15)

మీ ఇద్దరి మాటలూ కలిసే చోటు మా జిల్లా చరిత్రలో ఉంది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలై మాదిగ పల్లెల్లో విశ్వాసం పాకింది. కొత్తగా వచ్చినవాళ్లకి దొర చెప్పిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి చిన్నవి, బయటివి. కానీ ఆ పల్లెల్లో వాటికి అర్థం వేరే. జాతరలో డప్పు కొట్టం అన్నారు, చచ్చిన గొడ్డు వాటా వద్దన్నారు, ఆదివారం వెట్టికి రామన్నారు. ఊరి పెద్దలు వాళ్లకి బావి నీళ్లు ఆపారు, పని ఆపారు. అలాంటి చోట బయటి నియమమే లోపలి విశ్వాసం, దాన్ని విడదీయలేం. కర్మెలు కొండ గారి అమ్మగారిది ఆ కోవే.

అదే క్లౌ, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని, వచ్చినవాళ్లు కూడా తమ మనసు తాము తెలుసుకోవాలని. కరువు పనులు అయ్యాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నా పేరు అక్కడి నుంచే తెచ్చుకున్నాను. జనం ఆ 2,222 గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన ఆగిన ఆ నెలలే పెద్దవి అనిపిస్తాయి.

---

డోర్నకల్_మనవరాలు (సోమవారం, మధ్యాహ్నం 1:30)

మాస్టారూ, మా వైపు మాట ఒకటి కలుపుతాను. 1912లో డోర్నకల్‌కి బిషప్ అయిన అజరయ్య గారు పల్లె సంఘాల్లో నాలుగు దయ్యాలను వెళ్లగొట్టాలనేవారట: మురికి, రోగం, అప్పు, తాగుడు. మా తాతయ్య ఈ నాలుగూ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవాడు. మూడో వేలు దగ్గర, అంటే అప్పు దగ్గర, ఎప్పుడూ కాసేపు ఆగేవాడు. అప్పు పరిశుద్ధతకి సంబంధించిన విషయమని నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. పెళ్లికి, పండక్కి, ఈమధ్య క్రిస్మస్ లైట్లకి, స్టేజీకి కూడా అప్పు చేసి ఏడాదంతా ముఖం చాటేసే విశ్వాసుల్ని చూశాక అర్థమైంది.

---

కువైట్_రోడ్డు (సోమవారం, రాత్రి 11:55)

నేను డ్రైవర్ని. గల్ఫ్‌లో మనవాళ్లు చాలామంది ఇదే సమస్యతో ఉన్నారు, ఎవరూ నోరెత్తరు కాబట్టి రాస్తున్నా. శుక్రవారం ఆరాధనలో చేతులెత్తి పాడతాం. రూముకొచ్చాక రాత్రి ఒక్కళ్లమే, చేతిలో ఫోన్. భార్యాపిల్లలు వేల మైళ్ల దూరం. 1 థెస్సలొనీక 4:3 నాకు కంఠతా వచ్చు: మీరు పరిశుద్ధులగుటయే దేవుని చిత్తము. కంఠతా వచ్చినంత మాత్రాన రాత్రి పన్నెండింటికి ఫోన్ చేతిలోంచి దిగదు.

మా రూములో ముగ్గురం విశ్వాసులం ఒక ఒప్పందం చేసుకున్నాం. పదిన్నరకి ఫోన్లు మూడూ వంటగదిలో గ్యాస్ పొయ్యి పైన షెల్ఫ్‌లో ఛార్జింగ్‌కి పెడతాం. అలారానికి చిన్న గడియారం కొన్నాం. వారానికోసారి ఒకరినొకరు సూటిగా అడుగుతాం, సూటిగా చెప్తాం. సిగ్గేస్తుంది. అయినా చెప్తాం. ఇది చాలా చిన్న పని అని తెలుసు, కానీ ఒంటరిగా చేసిన ఉపవాసాల కన్నా ఇది నాకు ఎక్కువ సాయపడింది. పల్నాడు బ్రదర్, మీ కోపం విషయంలో మీకు ఎవరైనా ఉన్నారా, సూటిగా అడిగేవాళ్లు?

---

వాక్యం_విద్యార్థి (మంగళవారం, ఉదయం 8:40)

కువైట్ అన్నా, మీ వంటగది షెల్ఫ్ గురించి నేను చదువుకునే చోట చెప్పాలనుంది, పేరు లేకుండా చెప్తాను.

మీరు చేస్తున్నదే ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ చేశాడు. 1738లోనే చిన్న గుంపులకి నియమాలు రాశాడు. అందులో ప్రతి వారం అడగాల్సిన మొదటి ప్రశ్న, పోయినసారి కలిసినప్పటి నుంచి తెలిసి చేసిన పాపాలేవి అని. తరవాత 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి ఒక ఏర్పాటు పెట్టారు. సుమారు పన్నెండుమందికి ఒక నాయకుడు, వారానికి మనిషికో పెన్నీ వసూలు. ఇంటింటికీ వసూలుకి వెళ్లిన నాయకులకి ఆ ఇళ్లలో జరుగుతున్నది కళ్లారా కనిపించింది. ఒకడు తాగుతున్నాడు, ఒకడు భార్యతో పోట్లాడుతున్నాడు. అప్పు కోసం పెట్టిన ఏర్పాటే ఆత్మల కాపుదలగా మారింది. మన గృహ కూటాల్లో పాటలు, వాక్యం, టీ, బిస్కెట్లు అన్నీ ఉన్నాయి. ఆ ప్రశ్న ఒక్కటే లేదు.

---

గుంటూరు_లూథరన్ (మంగళవారం, ఉదయం 10:12)

ఆ ప్రశ్న అడిగేవాడు కూడా అదే ప్రశ్నకి జవాబు చెప్పాలి, లేకపోతే పోలీస్ స్టేషన్ అవుతుంది. అలా అయిపోయిన సంఘాలు చూశాను. విశ్వాసి ఈ బతుకులోనే ప్రేమలో సంపూర్ణుడు కాగలడనే వెస్లీ బోధతో మాకు పేచీ ఉంది, అది ఇంకోసారి మాట్లాడుకుందాం. ముగ్గురు కూర్చుని నిజం చెప్పుకోవడంతో మాత్రం పేచీ లేదు.

---

నిర్వాహకుడు (మంగళవారం, ఉదయం 11:00)

సంపూర్ణత గురించి వేరే చర్చ తెరిచాను. ఇక్కడ పల్నాడు బ్రదర్ ప్రశ్నకే కట్టుబడి ఉందాం.

---

పల్నాడు_మిర్చి (శుక్రవారం, రాత్రి 10:40)

అందరూ రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఖమ్మం అక్క రాసిన దగ్గర తను నవ్వింది, గుడ్డివాడి ముందు అడ్డం అన్న దగ్గర నేను ఆగిపోయాను.

బుధవారం పొద్దున్నే, షాపులో ఎవరూ లేనప్పుడు ఓనర్‌తో మాట్లాడాను. ఎదురు తిరగలేదు, ఆయన్ని దొంగ అనలేదు. "అన్నా, కౌంటర్‌లో నేను బిల్లు మీద ఉన్నదే తీసుకుంటాను, నా వాటా నాకొద్దు, లేదంటే వేరే పని చెప్పు" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "నువ్వొక్కడివి 266కి ఇస్తే లైనంతా నీ దగ్గరే నిలబడుద్ది" అన్నాడు. మధ్యాహ్నానికి నన్ను గోడౌన్‌కి పంపాడు. లోడ్ దించుకోవడం, స్టాకు రాయడం. జీతం అదే, పైన వచ్చేది మాత్రం లేదు. పని కష్టమే, నడుం పట్టేసింది. కానీ రాత్రి నిద్ర పట్టింది.

కోపం సంగతి. కువైట్ అన్న అడిగాక మా ఆవిడనే అడిగాను, నేను ఎప్పుడు ఎక్కువ అరుస్తానని. ఆమె ఆలోచించకుండా చెప్పింది: "షాపు నుంచి వచ్చి స్నానం చేసేలోపు." నాకు అది ఇన్నాళ్లూ కనిపించలేదు. ఇప్పుడు వచ్చిన వెంటనే ఏమీ మాట్లాడకుండా నీళ్లు పోసుకుంటున్నాను. ఆ కాసేపట్లో ఎఫెసీ 4లో సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు అన్న వచనం చెప్పుకుంటున్నాను. నిన్న మళ్లీ అరిచాను. కానీ పడుకోకముందే క్షమించమని అడిగాను, ఇంతకు ముందు ఎప్పుడూ అడగలేదు.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఇన్నాళ్లూ తీసుకున్న వాటా డబ్బు సంగతేంటి? కొంతమంది రైతులు తెలుసు, చాలామంది ఎవరో తెలియదు.

---

కర్మెలు_కొండ (శుక్రవారం, రాత్రి 11:15)

తమ్ముడూ, నువ్వు చేసింది చాలా ధైర్యమైన పని. మాస్టారు చెప్పిన బియ్యం మాట నాకు గుచ్చుకుంది. మాది మిర్యాలగూడ, బియ్యం మిల్లు దగ్గరే ఉంటాను. నీ అడ్రస్ మెసేజ్ చెయ్, కాన్పు అయ్యేదాకా నెలకో బస్తా పంపిస్తాను. వద్దనకు.

---

వాక్యం_విద్యార్థి (శనివారం, ఉదయం 7:05)

లూకా 19లో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని యేసుతో అన్నాడు కదా, అది గొర్రెని దొంగిలించి అమ్మేసినవాడికి నిర్గమకాండం 22లో పెట్టిన లెక్క. కానీ తానే ఒప్పుకుని ముందుకొచ్చినవాడికి సంఖ్యాకాండం 5:7లో వేరే లెక్క ఉంది: తీసుకున్న అసలు, దాని మీద అయిదో వంతు. యేసు జక్కయ్యని నాలుగంతలు అడగలేదు, జక్కయ్యే సంతోషం కొద్దీ అన్నాడు. కాబట్టి బ్రదర్, శక్తికి మించి మాట ఇవ్వొద్దు.

---

గుండ్లకమ్మ (శనివారం, ఉదయం 9:20)

ఆ అధ్యాయంలోనే ఎనిమిదో వచనం నీకోసమే ఉంది తమ్ముడూ. నష్టపోయిన మనిషి లేడు, తీసుకోవడానికి అతని బంధువూ లేడు, అప్పుడేం చేయాలి? ఆ డబ్బు యెహోవాకి చెల్లించాలి, యాజకుడికి చెందుతుంది. అంటే మనిషి దొరకలేదు కదా అని నీ జేబులో ఉండిపోకూడదు. తెలిసిన రైతులకి నేరుగా ఇవ్వు. ఓనర్ పేరు ఎత్తకు, నీ వాటా వరకే చెప్పు. తెలియనివాళ్ల భాగం ఎఫెసీ 4:28లో పౌలు చెప్పిన దారిలో పోనివ్వు: అక్కరగలవానికి. మీ ఊళ్లో కౌలు రైతులే బోలెడుమంది ఉంటారు.

బస్తా ధర గురించి ఒక మాట. ఎక్కువ ధరకి అమ్మడం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం నేరం. షాపులో స్టాకు, ధరల బోర్డు పెట్టాలి, కొన్న ప్రతివాడికీ బిల్లు ఇవ్వాలి. రైతులు మండల వ్యవసాయ అధికారికి ఫిర్యాదు చేయొచ్చు. నువ్వు చేయమని నేననను, నీ ఇల్లు నడవాలి. కానీ రైతు ఎవరైనా నిన్ను సూటిగా అడిగితే అబద్ధం చెప్పకు.

---

ఖమ్మం_అక్క (శనివారం, ఉదయం 10:30)

ఆ డబ్బు మందిరం కానుకల పెట్టెలో వేస్తే మాత్రం కవరు మీద పేరు రాయొద్దు తమ్ముడూ. మా దగ్గర పేర్లు మైకులో చదువుతారు.

---

పల్నాడు_మిర్చి (శనివారం, రాత్రి 9:50)

కర్మెలు అన్నా, అడ్రస్ పంపాను. మా ఆవిడ వద్దంది, అమ్మ మాత్రం "ఎవరో మీ ప్రభువు మనిషి పంపుతానంటే కాదనొద్దు" అంది. ఆ మాట అమ్మ నోట వినడం నాకు కొత్త.

మాస్టారూ, నాకు తెలిసిన రైతుల పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. మొదట మా బజారులోనే ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. డబ్బు చేతిలో పెట్టి ఎందుకో చెప్పాను. లెక్కపెట్టుకోలేదు, నా మొహం వంక చూసి, "మిగతావాళ్లకి కూడా ఇస్తున్నావా, నాకొక్కడికేనా" అని అడిగాడు. ఇస్తున్నానన్నాను. "అయితే సరే" అని తీసుకున్నాడు. రేపు ఆరాధన అయ్యాక ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్తాను. ఇద్దరూ పక్క ఊరే.